కొత్తిమీర ఉన్నంతసేపు

ఆకుకూర వాడిపోతే నేరమని చట్టం వచ్చాక ఇళ్లకు ఇళ్లే ఫ్రిజ్‌లయ్యాయి. లోపల పచ్చాకు ఉన్నంతసేపూ కిటికీలు తెరుచుకోవు. మనిషి వాడిపోతే మాత్రం ఏ చట్టమూ లేదు.

"ఓలే పైడీ, ఆ కిటికీ తియ్యే. ఊపిరాడ్డం నేదు," అంది వరహాలమ్మ ఆయాసపడుతూ.

"తియ్యనిత్తే గదా అత్తా! కొత్తిమీర వడిలిపోద్దంట."

"నాకన్నా కట్ట కొత్తిమీర ఎక్కువైపోనాదేటే?"

పైడమ్మకు ఒళ్లు మండింది. కట్టంతా కాడలతో సహా, పచ్చిదే, కక్కొస్తున్నా నమిలి మింగింది. కిటికీ జానెడు తెరుచుకుంది. అత్త అటు మొహం తిప్పి ఒక్క గుక్క గాలి పీల్చింది.

ఆకు నిండుకుంటే కొత్తది దానంతటదే వస్తుంది. గోడ అరలో పుదీనా కట్ట పడింది, కిటికీ మూసుకుపోయింది.

"ఇలాగియ్యే," అని రొప్పుతూనే కట్ట లాక్కుని, వరహాలమ్మ బోసినోట్లో కుక్కుకుంది.