లేత పళ్ళ బల్లెద్దు

ఎడ్ల బేరం చేసే ఓదెలు దగ్గర మొదట్లో రెండు జతల ఎడ్లు, కౌలుకు తీసుకున్న చేను, పళ్ళు చూసి పశువు వయసు చెప్పగల కన్ను ఉండేవి. గోదావరి ఒడ్డు రాళ్ళలో ఎముకలుగా మిగిలిన రాక్షసబల్లులను మళ్ళీ పుట్టించి, ఊరూరా దుక్కికి అమ్ముతున్న కాలమది. జనం వాటిని బల్లెద్దులనేవారు. చెన్నూరు అంగడిలో ఓదెలు ఒకదాని నోరు తెరిపించి చూశాడు. పళ్ళన్నీ లేతవి. రెండు జతలూ ఇచ్చేసి దాన్ని తోలుకొచ్చాడు.

సగం చేను దున్నేసరికి అది సాలులోనే కూలబడింది. ఎంత అదిలించినా లేవలేదు.

పక్కచేను గట్టయ్య వచ్చి చూశాడు. "ముసల్ది గదా మామా! వీటికి సచ్చేదాంక కొత్త పళ్ళే మొలుస్తయి. గవి సూసి కొన్నవా?"

"ఊరందరి ఎడ్లకు వయసు జెప్పెటోడు మరి," అంది సద్ది తెచ్చిన భార్య లచ్చవ్వ. "ఇగ దేంతోని దున్నుతవ్?"

ఓదెలుకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. లెక్క మాత్రం వేసుకున్నాడు. ఎడ్లు పోయాయి. అదను దాటిపోతోంది. కౌలు తప్పదు.

బల్లెద్దు ఇంకా ఊపిరి తీస్తూనే ఉంది. చెట్టన్నది లేని ఆ చేనులో ఆలుమగలిద్దరూ దాని పక్కన చేరి సద్ది తిన్నారు. చేతికొచ్చిన లాభం ఆ కాస్త నీడ.