పళ్ళెంలో లేనిది

ఒంట్లో సుఖవ్యాధి ఉంటే ఎర్రగా, లేకపోతే ఆకుపచ్చగా వెలిగే కడియం ఇప్పుడు అమలాపురంలో అందరి చేతులకీ ఉంది. పెళ్ళికూతురు లాస్యదీ, పెళ్ళికొడుకు భార్గవ్‌దీ నిగనిగలాడే ఆకుపచ్చే. అందుకే లాస్య తల్లి హైమ శోభనం పళ్ళెంలో పూతరేకులు, అరటిపళ్ళు, వెండి పాలగ్లాసు సర్ది, ఈ కాలపు ఆనవాయితీ ప్రకారం పెట్టాల్సిన కండోమ్ ప్యాకెట్టు మాత్రం మానేసింది. పెడితే అల్లుణ్ణి అనుమానించినట్టు ఉంటుందనుకుంది.

గది గుమ్మం దగ్గర భార్గవ్ పళ్ళెం చూసి ఆగిపోయాడు.

"అత్తయ్యగారండీ, ప్యాకెట్టు మర్చిపోయినట్టున్నారు."

"ఇద్దరిదీ గ్రీనే కదా బాబూ!"

పేరంటాళ్ళు కిసుక్కుమన్నారు. అతని చెవులు కందిపోయాయి గానీ గొంతు తడబడలేదు.

"మన సంబంధం అనుకోకముందు నాది ఎర్రగా వెలిగిందండి. మందులు వాడాను, తగ్గింది. ఇంకో పరీక్ష అయ్యేదాకా జాగ్రత్తగా ఉండమన్నారు డాక్టరుగారు. కడియానికి అన్నీ వెంటనే తెలీవండి. లాస్యకి తాంబూలాలకి ముందే చెప్పాను."

హైమ చప్పున కూతురి వంక చూసింది. లాస్య నిబ్బరంగా తలూపింది.

అల్లుడు నోరు మెదపకపోతే ఆ ఆకుపచ్చ వెలుగు చాటున హాయిగా దాక్కునేవాడు. ఇంతమందిలో తన పరువు కన్నా లాస్య ఆరోగ్యమే ముఖ్యమనుకున్నాడు.

హైమ బీరువాలోంచి ప్యాకెట్టు తెచ్చింది. పళ్ళెంలో పెట్టే ముందు, పాలగ్లాసుకి పెట్టినట్టే, దానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది.