తెల్ల చొక్కా

"ఇవాళ్టితో ఈ పంపు ఫైలు మూసేస్తారు. బాగోలేదంటే డబ్బిచ్చినవాళ్లే ఇంకో బోరు వేయిస్తారు. చెప్పుకునేదేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పుకోవాలి" అన్నాడు సంస్థ ఆఫీసరు.

వీధి వీధంతా లాండ్రీ అక్క వైపు చూసింది.

పంపుకు సాయం చేసిన దేశం నుంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్లకూ వీధికీ మధ్య దుబాసీ పిల్ల నిలబడింది. ఒంటి మీద మల్లెపూవులాంటి తెల్ల చొక్కా, నలగని మడత. లాండ్రీ అక్క చూపు ముందు ఆ మడత మీదే పడింది. వృత్తి అలాంటిది మరి.

"ధైర్యంగా చెప్పక్కా. మధ్యలో మన మాట తెలిసిన పిల్ల ఉండగా మనకేం భయం?" అన్నాడు పక్కనున్న టీకొట్టాయన.

ఆమె చేతిలోని మూట విప్పింది. హోటలు దుప్పటి. పాలలా ఉండాల్సింది తుప్పు రంగు తేలింది.

"పంపు వేయించారు, మీ కడుపు చల్లగుండ. కానీ దాంట్లోంచి నీళ్లు కాదయ్యా, తుప్పొస్తోంది. ఒక్క ఉతుక్కే బట్ట ఇలా తయారవుతోంది. హోటలు వాళ్లు నాకు పని ఇవ్వడం మానేశారు. చిన్నపిల్లల ఒంటినిండా దద్దుర్లు. ఇంకోచోట బోరు వేయించి పుణ్యం కట్టుకోండి."

వారం నుంచి ఇస్త్రీ బల్ల దగ్గర బట్టీ పట్టిన మాటలు. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది.

దుబాసీ అటు తిరిగి గడగడా చెప్పింది. పెద్దమనుషుల మొహాలు వెలిగిపోయాయి. ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు.

పిల్లల దద్దుర్లకు చప్పట్లేమిటి?

లాండ్రీ అక్కకు ఇంగ్లీషు రాదు. హోటలు మేనేజరు పుణ్యమా అని మూడు ముక్కలు మాత్రం తెలుసు. ఆ మూడూ ఇప్పుడు దుబాసీ నోట వరసగా వినబడ్డాయి. వాటర్. వెరీ గుడ్. థాంక్యూ.

"అమ్మాయ్, నేనన్నది అది కాదు! చెప్పింది చెప్పినట్టు చెప్పు" అంది.

"చెప్పానండీ. మీరు కూర్చోండి" అంది దుబాసీ, నేలచూపులు చూస్తూ.

ఇంత మర్యాదగా తననెవరూ ఎప్పుడూ తోసిపారేయలేదనిపించింది ఆమెకు.

పెద్దాయన దుప్పటి వైపు వేలు చూపించి ఏదో అడిగాడు. దుబాసీ తడుముకోకుండా ఏదో చెప్పింది. ఆయన పొంగిపోయి లేచి వచ్చాడు. రెండు చేతులా దుప్పటి అందుకుని, శాలువాలా భుజాన కప్పుకున్నాడు. ఫొటో తీశారు. ఉన్న ఒక్క సాక్ష్యమూ అలా బహుమతి అయిపోయి కారెక్కింది.

ఫైలు మీద సంతకాలైపోయాయి. కార్లు కదిలాయి. వీధి జనం ఒక్కొక్కరే ఇళ్లదారి పట్టారు. టీకొట్టాయన ఆమె మొహం చూడలేక తల తిప్పుకున్నాడు.

"శభాష్! రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. ఇక నీ ఉద్యోగం పర్మనెంటు" అన్నాడు ఆఫీసరు దుబాసీతో.

లాండ్రీ అక్క ఆ తెల్ల చొక్కానే చూస్తూ నిలబడిపోయింది. ఎక్కడా చిన్న మరక లేదు. ఉండదు కూడా.

పంపు నీటి చుక్క తగలనివ్వకుండా, రెండు వీధుల అవతల నుంచి మోసుకొచ్చిన మంచినీళ్లతో దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, పొద్దున్నే కూతురికి తొడిగి పంపింది తనే.