వస్తాననాలి

ఒక్క మాట మీద జరిగిన గొడవకి పోస్టుకార్డెందుకులే అని, ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను.

కెనడా నుంచి హైస్కూలు పిల్లలు సేవ చేయడానికి ఉప్పాడ వచ్చారు. ఒక గోడకి రంగులేశారు. ఆ గోడని సముద్రం పట్టుకుపోయింది. మా సముద్రానికి అది అలవాటే.

తిరుగు ప్రయాణం రోజున క్లారా అనే పిల్ల, తనకిన్నాళ్ళూ అన్నం పెట్టిన నూకరత్నం దగ్గరకొచ్చి, నేర్చుకున్న తెలుగులో "పోతున్నా, మామ్మా" అంది.

"నోరు ముయ్యవే! వేటకెళ్ళేవాళ్ళ ఇల్లిది. పోతానంటే మరి తిరిగి రారు. వస్తాననాలి."

"కానీ నేను రాను. అబద్ధం కదా?"

నూకరత్నం ఆ పిల్ల సంచీ పట్టుకుని వదల్లేదు.

"విమానం మా బావమరిది నడపట్లేదండీ!" అని బస్సు డ్రైవరు మొత్తుకున్నాడు.

చివరికి క్లారా "వస్తాను" అంది.

పావుగంటలో బస్సు తిరిగొచ్చింది. ఫోను మర్చిపోయిందట. తీసుకుని, మళ్ళీ "వస్తాను" అని వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఈసారి పాస్‌పోర్టు.

డ్రైవరు చేతులెత్తి దండం పెట్టాడు.

ఇక నూకరత్నమే "సరే, పోతాననే చెప్పెయ్, తల్లీ" అంది.

"పోతున్నా" అంది క్లారా.

బస్సు మళ్ళీ రాలేదు. నూకరత్నం పొద్దుగూకేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది.