రాణిబొమ్మ బిళ్ల

“రాణిది లేదా అన్నా?” అని అడిగింది ధనలక్ష్మి.

బంగారం దుకాణం ఆత్మారాం ఆ ఏటి కొత్త ఇంగ్లండు సవరన్ బంగారు నాణేన్ని అద్దాల బల్ల మీద పెట్టాడు. ప్లాస్టిక్ అట్టలో బిగించి ఉంది. ఒకవైపు గుర్రం మీద వీరుడు, రెండోవైపు రాజు తల.

“రాణి పోయింది గద అక్కా. ఇగ అన్నీ రాజువే. ఒకలు పోతె ఇంకొకల బొమ్మ పడ్తది. నాణెం ఆగుతదా?”

“ఆగొద్దు,” అంది ధనలక్ష్మి. అని నవ్వింది.

ఆ నవ్వు చూసి పక్కనున్న సురేందర్‌కు ప్రాణం లేచి వచ్చింది. హైదరాబాద్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించమని డాక్టర్ చెప్పినప్పటి నుంచి భార్య నవ్వింది లేదు. పోనంటే పోనంది. అతను బతిమాలాడు, తిట్టాడు. కూతురు దీక్షిత ఏడ్చింది. కదల్లేదు. మొన్న తనంతట తానే అంది. “కొత్త బిళ్ల వచ్చిందట. అది తెచ్చుకుంట. ఒక పాత బిళ్లకు రింగు పెట్టిపిస్త. ఆ పని అయినంక నువ్వు యాడికంటె ఆడికి వస్త.”

ఏటా కొత్తగా వచ్చిన నాణెం కొనడం ఆమెకు అలవాటు. బీడీలు చుట్టిన డబ్బుతో చిట్టీ కడుతుంది. చిట్టీ ఎత్తిన రోజే బోధన్‌లో బస్సెక్కి నిజామాబాద్ పెద్దబజార్‌లోని ఈ దుకాణానికి వస్తుంది. కొన్నదాన్ని అట్టలోంచి తీయకుండా డబ్బాలో దాస్తుంది. ఒకసారి సురేందర్ తీసి చూడబోతే చేతి మీద కొట్టింది. “ఏలు తాకితె పాతదైతది” అంది. ఎన్ని పెళ్లిళ్లకు పోయినా ఒక్క బిళ్ల మెడలో వేసుకుని ఎరగదు.

అలాంటి మనిషి ఇప్పుడు కొత్త నాణేన్ని సంచిలో వేసుకుంది. కొంగు ముడి విప్పి, రాణి బొమ్మతో వచ్చిన ఆఖరు నాణేన్ని తీసింది. అట్టను పంటితో చింపింది.

“దీనికి రింగు అతుకు అన్నా.”

“అక్కా! అతికితె ఇగ ఇది నాణెం కాదు. అమ్మబోతె గిరాకి ఉండదు.”

“అమ్మెటందుకు కాదు. పుస్తెలతాడుకు ఏసెటందుకు.”

“ఏసుకునేదైతె కొత్తదే ఏసుకోరాదు? రాజు మెరుస్తుండు.”

“మొగోని బొమ్మ ఎందుకు? మా అత్తమ్మ మెడల ఉన్నది సూసినవు గద. గసొంటిదే కావాలె.”

ఆత్మారాం ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత సురేందర్ వైపు చూశాడు. నాణేన్ని అందుకుని దీపం దగ్గరికి జరిగాడు.

“నీ తాడు లావుంది అక్కా. రింగు పెద్దది పెట్టాల్నా?”

“నా తాడు సూడకు. సన్నదైనా లావుదైనా పట్టెటట్టు పెట్టు.”

“సిక్కింది గద,” అన్నాడు సురేందర్. “తాడు గూడ సన్నది చేపిస్తదేమో! మనసుల మాట బైట పెట్టది ఈమె.”

ధనలక్ష్మి మళ్లీ నవ్వింది. ఆత్మారాం నవ్వలేదు. పని అయ్యాక సురేందర్ కూలి ఎంతని అడిగితే చెయ్యి అడ్డం ఊపాడు.

“దీనికి కూలి తీసుకోనన్నా.”

ఆమెకు బాగా లేదని తెలిసి జాలిపడ్డాడనుకున్నాడు సురేందర్.

బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. ఒకప్పుడు చెరకు ఉన్న పొలాల్లో వరి కోసి ఉంది. సురేందర్ ఆలోచనంతా అత్తమ్మ లాంటి బిళ్ల అన్న మాట మీదే ఉంది. తల్లి రాధాబాయి మెడలోని బిళ్లను అతను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు. దాని మీద ముక్కు, కొప్పు తప్ప అన్నీ అరిగిపోయాయి. బాపు పోయినప్పుడు ఆడవాళ్లు పుస్తెలు తీశారు గాని, ఆ బిళ్లను మాత్రం తల్లి ముట్టనివ్వలేదు. నల్లదారానికి గుచ్చి మళ్లీ వేసుకుంది. పండుగనాడు దానికి బొట్టు పెట్టాకే పొయ్యి ముట్టిస్తుంది. తల్లిలా ముసలితనం దాకా మెడలో ఉంచుకుందామనే ధనలక్ష్మి అలాంటిది కోరింది. బతకాలని లేని మనిషి కొత్త సొమ్ము చేయించుకోదు.

“వాపసు వచ్చినంక తాడు గూడ కొత్తది చేపిద్దాం,” అన్నాడు.

“వట్టి మాటలు వద్దు గాని, వచ్చే ఏడు బిళ్ల మరువకు. డబ్బ నిండాలె. దీక్షితకు ఐతయి.”

“నువ్వే తెచ్చుకుంటవు.”

ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఇంటికి వచ్చాక సురేందర్ బట్టల సంచి సర్దాడు. తెల్లారి హైదరాబాద్ బస్సుకు పోవాలి. ధనలక్ష్మి కూతురికి జడ వేస్తోంది. ఆమె మెడలో బిళ్ల లేదు.

“ఏదే, ఏసుకోలేదు?”

“అత్తమ్మకిచ్చిన. దాసిపెట్టుమన్న.”

అతను వంటింట్లోకి వెళ్లాడు. రాధాబాయి పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. గుప్పిట మూసి ఉంది.

“అవ్వా, బిళ్ల ఇయ్యి. మెడల ఏసుకోని వస్తది. ధైర్యముంటది.”

“ఇది ధన ఏసుకునేది కాదు కొడుకా.”

“మరి ఎవలు ఏసుకుంటరు? దీక్షితనా?”

తల్లి తల ఊపింది, కాదన్నట్టు. మెడలోని నల్లదారాన్ని బయటికి లాగి, అరిగిన బిళ్ల పక్కన రింగు పెట్టిన బిళ్లను పట్టింది. రెండింటి మీదా ఆడమనిషి బొమ్మే.

“సిన్నప్పటి సంది సూస్తున్నవు. ఇదేందని అడిగినవా ఎన్నడన్న?”

“పాత బిళ్లంటివి గద.”

“నీకు సెప్పొద్దని మీ బాపు ఒట్టు ఏపిచ్చిండు,” అంది రాధాబాయి. “సచ్చిన మొదటి పెండ్లాం పేరు మీద రెండో పెండ్లాం మెడల ఏసుకునేది. గిది సవతి బిళ్ల రా.”