మూకీకి మాటలు

గోడకు తెల్ల దుప్పటి కట్టించి, కిటికీలు మూయించి, ముసలాయన తడుముకుంటూనే ప్రొజెక్టరుకు రీలు ఎక్కించాడు. చూపు పోయింది గానీ, మాటల్లేని ఆ పాత కౌబాయ్ సినిమా మీద పిచ్చి పోలేదు. తెర మీద ఏం జరుగుతోందో చెప్పే పని ఇప్పుడు ఆయన భార్యది.

"నక్షత్రం బిళ్ళ పెట్టుకున్న పోలీసాయన వచ్చాడండీ. దొంగని నీ తాట తీస్తానంటున్నాడు."

"మూకీలో నీకెలా వినబడిందే?"

"పెదాలు చూస్తే తెలీదూ? నా అంత బాగా చెప్పేవాళ్ళు మీకు ఇంకెక్కడా దొరకరు."

"సొంత డబ్బా ఆపి సినిమా చెప్పు."

దొంగ దొరికిపోయాడు. హీరో గుర్రమెక్కాడు. గుమ్మంలో నిలబడ్డ పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

సినిమా మధ్యలో ఆగితే ఆయన ప్రాణం ఉసూరుమంటుంది. ఆవిడ చటుక్కున రీలు తాలూకు ఖాళీ రేకు డబ్బా ఒళ్ళోకి లాక్కుని, అచ్చం ప్రొజెక్టరులాగే గోళ్ళతో టకటకా కొట్టడం మొదలుపెట్టింది.

"హీరో వెనక్కి చూశాడు. గుర్రం దిగాడు. టీ ఉందా అని అడుగుతున్నాడు."

"ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, వాడెప్పుడూ దిగలేదే."

"ఇవాళ దిగాడు. ఆ పిల్ల మొహం చూస్తే మీరైనా దిగేవారు."

ఆయన నవ్వాపుకుంటూ కుర్చీలో వెనక్కి వాలాడు. వేళ్ళు నొప్పెట్టి ఆవిడ చెయ్యి కాసేపు ఆగింది.

"ఆపకు" అన్నాడాయన. "కరెంటొస్తే వాడు గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. అప్పటిదాకా నీ డబ్బా నువ్వు కొట్టవే."