పెనం వేడెక్కించు, నెల్డా

“విమానమంటూ వస్తే చాలు నెల్డా, ఇంక నేను నోరెత్తను. ఏదీ, ఎక్కడా?” అన్నాడు లోవెల్, కిటికీ అద్దానికి ముక్కు ఆనించి.

నెల్డా హోటల్ కిటికీ అవతల రన్‌వే ఉండాలి. ఉందని ప్రస్తుతానికి నమ్మకం మాత్రమే. తెల్లవారుతూనే పట్టిన పొగమంచు భోజనాల వేళయినా వదల్లేదు. పది గజాల్లో ఉన్న పెట్రోలు పంపు కూడా కనిపించడం లేదు.

“ఈ మంచులో పిచ్చుక కూడా ఎగరదు. కాస్త న్యాయంగా మాట్లాడు. వచ్చే శనివారం వచ్చి చూడు,” అంది నెల్డా.

“నా చేతిలో ఏముంది? విమానాల్లో వచ్చి తినేవాళ్ళు ఇంకా ఉన్నారో లేదో ఇవాళ కళ్ళారా చూసి రమ్మంది కౌంటీ బోర్డు. ఈ కౌంటీ స్థలంలో నీ హోటల్ ఉంచాలా తీసెయ్యాలా అని సోమవారం ఓటింగు. విత్తనాల వ్యాపారి మెర్లిన్ గోదాము కోసం ఇదే చోటు అడుగుతున్నాడు. కార్లలో వచ్చేవాళ్ళ కోసమైతే విమానాలు దిగే చోట హోటలెందుకంటాడు.”

నెల్డా దగ్గర తినేవాళ్ళంతా పక్క ఊరివాళ్ళే. వాళ్ళ చిన్న చిన్న సొంత విమానాలు అక్కడి గడ్డి మైదానంలో ఉంటాయి. కారెక్కితే పది నిమిషాల దారి. కానీ కారులో రావడం వాళ్ళ దృష్టిలో అప్రతిష్ఠ. పైకి లేచి, ఆకలి పుట్టేదాకా మూడు కౌంటీల మీద చక్కర్లు కొట్టి, అప్పుడు దిగి, ఒక్క బర్గర్ తిని పోతారు. ఆ పెట్రోలు ఖర్చుతో ఊరందరికీ విందు పెట్టొచ్చని వాళ్ళ ఇళ్ళలో రోజూ గొడవే. ఆ పిచ్చే నెల్డాకు ఇన్నేళ్ళూ తిండి పెట్టింది.

కౌంటర్ మీది రేడియో గరగరలాడింది. పైలట్లు దారిలో ఉండగానే అందులో ఆర్డరు చెబుతారు. వాళ్ళు వచ్చి కూర్చునేసరికి ప్లేటు సిద్ధంగా ఉంటుంది.

“నెల్డా, నేను వర్జిల్‌ని. పడమటి నుంచి వస్తున్నాం, ఇంకో రెండు మైళ్ళు. పెనం వేడెక్కించు. నాకు ఉల్లిపాయలు ఎక్కువెయ్యి.”

నెల్డా చేతిలో అట్లకాడ కింద పడింది. వర్జిల్‌కి డెబ్భై దాటాయి, మొండితనం మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది.

“నీకు మతి గానీ పోయిందా వర్జిల్? నా గుమ్మమే నాకు కనిపించి చావడం లేదు ఇక్కడ!”

“కంగారుపడకు తల్లీ. బాగా కిందుగా వస్తున్నాంలే. నేల కనిపిస్తూనే ఉంది.”

“నేల కనిపించేంత కిందుగానా? కరెంటు తీగలుంటాయయ్యా!”

“ఉన్నాయి. మా నెత్తిమీదున్నాయి.”

లోవెల్ కిటికీ దగ్గర్నుంచి గిరుక్కున తిరిగాడు. “తీగల కింద నుంచా?” అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

“నువ్వొక్కడివేనా?” అంది నెల్డా.

“అందరం! హార్లన్ నా వెనకే ఉన్నాడు. వాడి వెనక డోరిస్. నీ హోటల్ పోతుంటే చూస్తూ ఇంట్లో కూర్చుంటామనుకున్నావా?”

“వర్జిల్, నా మాట విను. హోటల్ మూసేశాను. పొయ్యి కూడా ఆర్పేశాను. ఇక్కడ తినడానికేమీ లేదు. నీకు దణ్ణం పెడతాను, వెనక్కి పొండి!”

“తిప్పుకోవడానికి చోటెక్కడిదీ? ఉంటాను మరి.”

రేడియో మూగబోయింది. నెల్డా నిజంగానే పొయ్యి ఆర్పేసింది. తాళాల గుత్తి తీసి లోవెల్ చేతిలో పెట్టింది.

“తీసుకో. గోదామే పెట్టుకోండి. వాళ్ళ ప్రాణాలు పోయాక ఈ నాలుగు బల్లలు నాకెందుకు? ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యి లోవెల్, నీకు పుణ్యముంటుంది!”

ఆమెకు ఏడుపు ఆగలేదు. తన వంటకి వారం వారం వంకలు పెట్టి, మళ్ళీ శనివారం అదే బల్ల దగ్గర చేరే మనుషులు వాళ్ళు. వాళ్ళు తప్ప ఆమెకు వేరే చుట్టాలు లేరు.

ఇంతలో ఇంజన్ల చప్పుడు వినిపించింది. ఒకటి కాదు, చాలా. కప్పు రేకులు అదిరాయి. నెల్డా కౌంటర్ వెనక కూలబడి చెవులు మూసుకుంది. లోవెల్ రన్‌వే వైపు కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. చప్పుడు వెనక నుంచి, వీధి వైపు నుంచి వస్తోంది. గబగబా వెళ్ళి వీధి తలుపు తీశాడు. తీసినవాడు తీసినట్టే నిలబడిపోయాడు. కాసేపటికి అతని భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకుంది నెల్డా.

లోవెల్ జేబులోంచి ఫోను తీశాడు.

“మెర్లిన్, నీ గోదాముకి ఇంకో చోటు చూసుకో... లేదయ్యా, తాగలేదు. బోర్డుకి నేను చెప్పుకుంటాను. వీలైతే నువ్వూ రా, ఇలాంటిది జన్మలో మళ్ళీ చూడవు.”

వెనక్కి వచ్చి తాళాలు కౌంటర్ మీద పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

“పొయ్యి వెలిగించు నెల్డా. నాకూ ఒకటి వెయ్యి.”

“బతికే ఉన్నారా?”

“నువ్వే వచ్చి చూడు.”

నెల్డా కొంగలా మెడ చాచి గుమ్మంలోంచి తొంగిచూసింది. సోయా చేల మధ్య కంకర రోడ్డు మీద, షెరీఫ్ పోలీసు కారు దీపం తిప్పుకుంటూ ముందు దారి చూపిస్తోంది. దాని వెనక మంచులోంచి ఒకదాని తర్వాత ఒకటిగా విమానాలు నేలమీద దొర్లుకుంటూ వస్తున్నాయి. హోటల్ వైపు మలుపు తిరుగుతున్నానని వెనకవాళ్ళకి తెలియడానికి వర్జిల్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు.